పొత్తు ఒలవకుండానే

మొక్కజొన్న పొత్తు కోసిన క్షణం నుంచే గింజలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. వేడి పెరిగే కొద్దీ ఆ మార్పు జోరందుకుంటుంది. గింజలోని తడిని కాపాడేది పైపొరలే. ఒలిచి చూసి, నచ్చక తిరిగి గుట్టలో పడేస్తే గింజలు వాడి నొక్కులు పడతాయి. తర్వాత వచ్చినవారు దాన్ని ముట్టరు. అలాంటివన్నీ సాయంత్రానికి అమ్మేవారి దగ్గరే మిగులుతాయి. రైతుబజారులో ఈ నష్టం మరీ అన్యాయం. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన బజార్లవి. అక్కడ పాడైన ప్రతి పొత్తూ పండించిన కుటుంబం లెక్కలోకే పోతుంది.

నిజానికి ఒలిచి చూడాల్సిన అవసరం చాలా తక్కువ. పొర పచ్చగా బిగుతుగా ఉండి, పీచు కొసన గోధుమరంగుకు తిరిగి, లోపలి వైపు ఇంకా తడిగా ఉంటే గింజ పట్టినట్టే. పీచు మొత్తం లేతగా ఉంటే గింజ ఇంకా నిండలేదు. నల్లబడి పెళుసుగా విరిగితే ముదిరిందో, కోసి చాలాసేపయిందో అయి ఉంటుంది. కాడ తెగినచోట చెమ్మ ఉందో లేదో చూస్తే ఆ అనుమానమూ తీరుతుంది.

పీచులోని ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి ఆ పోగు మీద పడితేనే దాని చివర గింజ కడుతుంది. అందనిచోట ఖాళీ మిగులుతుంది. అడుగు నుంచి కొస దాకా బొటనవేలితో మెల్లగా తడిమితే ఆ ఖాళీలు పొర మీద నుంచే తెలిసిపోతాయి. గోరు గుచ్చి పాలు చూడటం మాత్రం చేలో కోతకు ముందు రైతు చేసుకునే పరీక్ష. బజారులో అదే పని చేస్తే గాయపడిన గింజకు బూజు పడుతుంది.

చాలామంది చేత పొరలు ఒలిపించేది పురుగు భయం. 2018లో కత్తెర పురుగు కర్ణాటకలో బయటపడి, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకూ పాకాక ఆ భయం పెరిగింది. పొర మీద రంధ్రం, కొసన తడి తడి పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే ఆ పొత్తును పక్కన పెట్టవచ్చు. ఇంటికొచ్చాక కొసన పురుగు బయటపడినా, అంతమేర కోసేస్తే మిగతాది నిక్షేపంగా తినవచ్చు.

అప్పటికీ నమ్మకం కుదరకపోతే అడగడమే మర్యాద. “ఒకటి ఒలిచి చూపించమ్మా” అంటే అమ్మేవారే తీసి చూపిస్తారు. ఒకే చేలో ఒకే రోజు కోసిన గుట్టయితే ఆ ఒక్కదానితో మిగతావాటి సంగతీ తెలుస్తుంది. అడక్కుండా ఒలిచింది మాత్రం కొన్నవారి సంచిలోకే పోవాలి. లోపల కుళ్లు ఉంటే చూపించి మార్చమనవచ్చు, అందులో తప్పు లేదు. ఎందుకు కొంటున్నారో ముందే చెబితే ఇద్దరికీ తేలిక. ఉడకబెట్టడానికి లేతవి, కాల్చడానికీ గారెలకూ కాస్త గట్టిపడినవి వాళ్లే ఏరి ఇస్తారు.

సూపర్‌మార్కెట్‌లో ట్రేలో పెట్టి ప్లాస్టిక్ చుట్టిన స్వీట్ కార్న్‌ను చింపి చూడనక్కర్లేదు. గింజ నొక్కుపడిందా, అడుగున నీరు చేరిందా అని చూస్తే చాలు. పొరలతో కొన్నవాటిని ఇంట్లోనూ అలాగే ఫ్రిజ్‌లో ఉంచి, వండే ముందే ఒలవాలి.