వెబ్‌సైటు మారిందని మనకెలా తెలుస్తుంది?

అచ్చయిన పుస్తకం మారదు. వెబ్‌సైటు అలా కాదు. అందులో ఏ క్షణాన ఏ కొత్త పుట చేరుతుందో ముందుగా తెలియదు. విజయవాడలో రాత్రి పది గంటలకు ఒక వార్త వెలువడిందనుకోండి. వేసవి కాలమానం అమలులో లేని రోజుల్లో, సిడ్నీలో అది తెల్లవారుజాము రెండున్నర. మనం నిద్రలో ఉంటాం. నచ్చిన పది వెబ్‌సైట్లను రోజుకు నాలుగుసార్లు చూడాలంటే నలభైసార్లు తెరవాలి. చాలాసార్లు అక్కడ కొత్తదేమీ ఉండదు. ఈ వృథా శ్రమను తప్పించే సాధనమే ‘ఫీడు’.

ఫీడు ఎలా పనిచేస్తుంది?

ఫీడు ఒక చిన్న ఫైలు. వెబ్‌సైటును నడిపేవారే దానిని తయారుచేసి ఉంచుతారు. కొత్తగా చేరిన ప్రతి అంశానికీ శీర్షిక, సారాంశం, పూర్తి పుటకు దారిచూపే లింకు, వెలువడిన తేదీ సాధారణంగా అందులో ఉంటాయి. ఈ వివరాలను కంప్యూటరు సులభంగా గ్రహించేందుకు ‘ఎక్స్‌ఎంఎల్’ అనే పద్ధతిలో రాస్తారు.

ఈ ఫైళ్లను చదివిపెట్టే సాఫ్ట్‌వేరును ‘ఫీడు రీడరు’ అంటారు. దానికి ఫీడు చిరునామాను ఒక్కసారి ఇస్తే చాలు. ఆపైన అది కొంత వ్యవధికొకసారి ఆ వెబ్‌సైటును పలకరించి, “నేను కిందటిసారి వచ్చి వెళ్లాక ఏమైనా మారిందా?” అని అడుగుతుంది. మార్పు లేకపోతే వెబ్‌సైటు ‘304’ అనే సంకేతంతో బదులివ్వగలదు. మార్పు ఉంటే కొత్త ఫైలును పంపుతుంది. రీడరు అందులో మీరు ఇంతవరకు చూడని అంశాలను గుర్తించి మీ ముందుంచుతుంది. ఇందుకోసం ఆ వెబ్‌సైటుకు మీ పేరు గానీ, ఈమెయిలు చిరునామా గానీ ఇవ్వనక్కరలేదు.

ఎవరు రూపొందించారు?

ఫీడులలో పేరొందిన ‘ఆర్‌ఎస్‌ఎస్’ 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టింది. దాని రూపకర్తలలో ఒకరైన రామనాథన్ గుహ మద్రాసు ఐఐటీలో చదివినవారు. 2000 డిసెంబరులో వెలువడిన 1.0 రూపాన్ని తయారుచేసిన బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే అమెరికా బాలుడు ఉన్నాడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్లే!

మన చుట్టూ ఫీడులు

ఎస్‌బీఎస్ తెలుగు పాడ్‌కాస్టును మీ ఇంట్లో వింటున్నారా? పాడ్‌కాస్టు యాప్‌లకు కొత్త భాగం వచ్చిందని తెలియజేసేది సాధారణంగా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడే. తెలుగు వికీపీడియాలోని ‘ఇటీవలి మార్పులు’ పుటకు కూడా ఫీడు ఉన్నది. ఎన్నో చోట్ల వెలువడే తెలుగు రచనలను ‘కూడలి’ అనే వెబ్‌సైటు ఒకేచోట చూపగలిగిందంటే, అది ఫీడుల చలవే.

న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక సేవ తన కార్చిచ్చు సమాచారాన్ని ఫీడుగా కూడా అందిస్తుంది. 2019–20 వేసవిలో చెలరేగిన మంటలను తలచుకుంటే, తాజా సమాచారం ఎంత విలువైనదో బోధపడుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. రీడరు గంటకొకసారి మాత్రమే వెళ్లి చూసేదైతే, ఆ గంటలోపు మంట చాలా దూరం పాకవచ్చు. కాబట్టి ఆపదవేళ ఫీడునే నమ్ముకొని కూర్చోరాదు. అధికారిక యాప్, ఏబీసీ రేడియో హెచ్చరికలను అనుసరించాలి. ప్రాణాపాయం ఉంటే 000కు ఫోను చేయాలి.

ఎంపిక ఎవరిది?

సామాజిక మాధ్యమాలలో మనకు ముందు ఏది కనబడాలో చాలావరకు ఆయా సంస్థల లెక్కలే నిర్ణయిస్తాయి. ఫీడు రీడరులో ఏ వెబ్‌సైట్లు ఉండాలో నిర్ణయించేది మీరే. అంశాలు సాధారణంగా తేదీల వరుసలో వస్తాయి. వద్దనుకున్న చిరునామాను ఎప్పుడైనా తీసివేయవచ్చు.

పైగా ఫీడు ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. ఎందరో వాడిన ‘గూగుల్ రీడర్’ 2013 జులై 1న మూతపడింది. అయినా ఫీడులు ఆగలేదు. పాఠకులు తమ చిరునామాల జాబితాను పట్టుకొని వేరే రీడరులకు తరలివెళ్లారు. ఆ జాబితా చేతిలో ఉన్నంతకాలం, ఏ రీడరు మూతపడినా మన చదువు ఆగదు.

మీరూ ప్రయత్నించండి

మీ తల్లిదండ్రుల అనుమతితో ఒక ఫీడు రీడరును ఎంచుకోండి. నచ్చిన వెబ్‌సైటులో ‘ఆర్‌ఎస్‌ఎస్’ అనే మాట కోసం గానీ, నారింజ రంగు చతురస్రంలో ఒక చుక్క, రెండు వంపు గీతలు ఉండే గుర్తు కోసం గానీ వెదకండి. ఆ చిరునామాను రీడరులో చేర్చండి. మొదట మూడు చాలు. వాటిలో ఒకటైనా తెలుగుది కావాలి. వారం గడిచాక ఏది చదివారో, ఏది చదవకుండా వదిలేశారో చూసుకోండి. చదవనిదాన్ని తీసివేసి, దాని స్థానంలో మరొకటి చేర్చండి.