పన్నులేని వాటాల ఖాతా: తీసిన సొమ్ము మరల వేయు హక్కు



మన తెలుగుదేశమునుండి వైద్యులుగను, ఇంజనీర్లుగను బ్రిటనునకు పోయి అచ్చట స్థిరపడినవారు నేడు పెక్కుమంది గలరు. “నెలనెల కొంత సొమ్ము ఐసాలో వేయుచున్నాను” అని కుమారుడు ఫోనులో చెప్పగా, అది యేమో తెలియక సరే యని యూరకుండు తండ్రులును గలరు. ఆ ఖాతాను గూర్చియు, దానిని తెరచుటకు ముందు తప్పక అడుగవలసిన యొక ప్రశ్నను గూర్చియు నేడు మనవి చేసెదను. ఇంట శస్త్రచికిత్సకో, పెండ్లికో అకస్మాత్తుగా సొమ్ము కావలసివచ్చినపుడు ఆ ప్రశ్న విలువ తెలియును.

ఇండివిడ్యువల్ సేవింగ్స్ అకౌంటు అను పేరులోని మొదటి అక్షరములను కలిపి ఐసా యందురు. బ్రిటిషు ప్రభుత్వము దీనిని 1999 ఏప్రిలులో నెలకొల్పినది. ఇందు ముఖ్యమైనవి రెండు తెగలు. ఒకదానిలో నగదు దాచి వడ్డీ పొందుదురు. రెండవదానిలో కంపెనీల వాటాలు కొందురు. బయట కొన్న వాటాలపై వచ్చు డివిడెండు ఏటికి 500 పౌండ్లు మించినను, అమ్మగా వచ్చిన లాభము 3,000 పౌండ్లు మించినను పన్ను పడును. ఈ లెక్క 2024 ఏప్రిలునుండి అమలులోనున్నది. ఐసాలోనున్న వాటాలకు ఆ పన్నులు లేవు.

అయితే ఈ ఖాతాలలో ఇష్టము వచ్చినంత వేయుటకు వీలులేదు. అన్ని తెగల ఐసాలకును కలిపి ఒక మనిషి ఏటికి 20,000 పౌండ్లు మాత్రమే వేయవచ్చునని 2017 ఏప్రిలులో పరిమితి నిర్ణయింపబడినది. వారి పన్నుల సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన మొదలై మరుసటి ఏప్రిలు 5వ తేదీన ముగియును. ఈ పరిమితి మన కాలువ నీటి వంతు వంటిది. వంతు వచ్చినపుడు నీరు పెట్టుకొనని రైతునకు అది మరుసటి వంతులో కలిసిరాదు. అట్లే ఏటిలో వాడుకొనని హక్కు ఆ యేటితోనే పోవును.

ఇపుడు ప్రశ్నకు వత్తము. వేసిన సొమ్ములో కొంత తీసి, చేతికి వచ్చినపుడు మరల వేయవచ్చునా? పూర్వము అట్టి వీలు లేకుండెను. 2016 ఏప్రిలు 6వ తేదీనుండి ప్రభుత్వము ఇందుకు అనుమతి నిచ్చినది. ఈ సౌకర్యము గల ఖాతాను ఫ్లెక్సిబుల్ ఐసా యందురు. కాని దీనిని ఇచ్చుటయు, ఇవ్వకుండుటయు ఖాతా నడుపు సంస్థ యిష్టము. కొన్ని సంస్థలు ఇచ్చును, కొన్ని ఇవ్వవు.

ఒక లెక్క చూడుడు. ఒకడు పలు సంవత్సరములు కూడబెట్టగా ఖాతాలో 60,000 పౌండ్లున్నవి. తల్లి వైద్యమునకై అందుండి 25,000 పౌండ్లు తీసెను. నాలుగు మాసములకు ఆ సొమ్ము సమకూరినది. ఖాతా ఫ్లెక్సిబుల్ అయినచో ఆ 25,000 పౌండ్లును, దానికి తోడు ఆ యేటి కొత్త 20,000 పౌండ్లును, మొత్తము 45,000 వేయవచ్చును. కానిచో 20,000 మాత్రమే వేయగలడు. ఏండ్ల తరబడి సంపాదించుకొన్న పన్నులేని స్థలము ఒక్కనాటి యక్కరతో పోయినట్లే.

ఈ హక్కునకు నియమములు గలవు. తీసిన సొమ్ము ఆ పన్నుల సంవత్సరములోనే, అనగా ఏప్రిలు 5వ తేదీలోపల, తీసిన ఖాతాలోనే మరల వేయవలెను. ఫిబ్రవరిలో తీసినవానికి గడువు స్వల్పమే. ఏప్రిలు రెండవ వారములో తీసినవానికి దాదాపు ఏడాది యున్నది. అక్కర ఆగునదైనచో ఆ తేదీ దాటువరకు ఆగుట లాభము. ఒక సంస్థనుండి వేరొక సంస్థకు మారదలచినవాడు సొమ్ము చేతికి తీసికొనరాదు. క్రొత్త సంస్థద్వారా బదిలీకి దరఖాస్తు పెట్టవలెను. పిల్లల పేర తెరచు జూనియర్ ఐసాకును, ఇల్లు కొనుటకును వృద్ధాప్యమునకును ఉద్దేశించిన లైఫ్‌టైమ్ ఐసాకును ఈ సౌకర్యము లేదు.

మరియొక హెచ్చరిక. సొమ్ము తీయవలెనన్న ముందు వాటాలు అమ్మవలెను. అమ్మిన సొమ్ము చేతికి వచ్చుటకు కొన్ని దినములు పట్టును. ధర పడియున్న వేళ అమ్మినచో నష్టమే. మరల వేయు హక్కు పన్ను మినహాయింపును కాపాడునే గాని ధరను కాపాడదు. కావున కొన్ని నెలల ఖర్చునకు చాలు నగదు వేరుగా నుంచుకొని, దీర్ఘకాలము ముట్టనక్కరలేని దానినే వాటాలలో పెట్టుట వివేకము. సంస్థ తీసికొను రుసుమును కూడ విచారింపవలెను. కొందరు ఆస్తిలో నూటికింత యని తీసికొందురు, కొందరు నెలకింత యని తీసికొందురు. సొమ్ము పెరుగుకొలది మొదటి పద్ధతి భారమగును.

స్వదేశమునకు తిరిగిరాదలచినవారు ఒక సంగతి మరువరాదు. బ్రిటను విడిచి యిచ్చట స్థిరపడినవాడు ఐసాను ఉంచుకొనవచ్చును గాని, సాధారణముగా అందు కొత్తగా సొమ్ము వేయజాలడు. మన ఆదాయపు పన్ను చట్టము ప్రకారము పూర్తి నివాసియైన పిమ్మట విదేశపు రాబడియు ఇచ్చట లెక్కకు వచ్చును. ఐసా మినహాయింపు బ్రిటను చట్టము నిచ్చినది. మన చట్టము దానిని గుర్తింపదు.

కాబట్టి, మీ బిడ్డలు అట్టి ఖాతా తెరువబోవుచున్నామని చెప్పినపుడు ఈ మాట అడుగుడు: “నాయనా, అక్కరకు తీసిన సొమ్మును ఏడాదిలోపల అందులోనే మరల వేయనిత్తురా?” తెలియదని వారు చెప్పినచో, సంస్థను వ్రాతమూలముగా అడిగి తెలిసికొన్న పిమ్మటనే సొమ్ము వేయుమనుడు.