నెట్ లేని బడిలో కంప్యూటర్ దేనికోసం ఆగుతోంది?

"కంప్యూటర్లు పాతబడ్డాయి, అందరం తలా కొంత వేసుకుని కొత్తవి కొందాం." హోసూరు వైపున్న మా తెలుగు మాధ్యమ బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే ఈ మాట తప్పకుండా వస్తోంది. కూలి చేసుకునే ఇళ్ల నుంచి చందా అడగడం మాకు మనసొప్పదు. అలాగని ఉన్నవాటితో నెట్టుకురావడమూ కష్టంగానే ఉంది. వారానికి ఒక్కటే కంప్యూటర్ పీరియడ్, అదీ నలభై నిమిషాలు. ఒక్కో సిస్టం ముందు ముగ్గురు పిల్లలు. తెలుగు టైపింగ్ నేర్పే ప్రోగ్రాం తెరుచుకోవడానికే నిమిషం పైన పడితే, మూడో పిల్లకు కీబోర్డు అందేలోపు గంట కొట్టేస్తారు.

చందా పుస్తకం తీసేముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. కంప్యూటర్ నిదానంగా పని చేస్తోందా, లేక పని ఆపి దేనికోసమో చూస్తూ కూర్చుందా? బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని పక్కన ఉంచుకుని, ఇబ్బంది పెట్టే ప్రోగ్రాంను తెరవండి. సీపీయూ గానీ, మెమరీ గానీ, డిస్క్ గానీ వందకు దగ్గరగా ఉంటే యంత్రం నిజంగానే శ్రమ పడుతోందన్నమాట. అలాంటప్పుడు ర్యామ్ పెంచడమో, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించడమో ఉపయోగపడుతుంది. సీపీయూ, డిస్క్ రెండూ ఖాళీగా ఉండి ప్రోగ్రాం మాత్రం రాకపోతే అది ఎదురుచూపే. దానికి కొత్త కంప్యూటర్ కొన్నా ఫలితం ఉండదు.

దేని కోసం ఎదురుచూపు? చాలా ప్రోగ్రాంలకు తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం వెనుక ఒక సర్టిఫికెట్ ఉంటుంది. అది ఇంకా చెల్లుతోందో, రద్దయిందో తెలుసుకోవడానికి విండోస్ ఇంటర్నెట్‌లోని రద్దు జాబితాను అడుగుతుంది. కొత్త పిల్లవాడు టీసీ తెస్తే, అది అసలుదో కాదో తెలుసుకోవడానికి మనం పాత బడికి ఫోన్ చేయమా? ఇదీ అలాంటిదే. అవతల రింగవుతూ ఎవరూ ఎత్తకపోతే కాసేపు పట్టుకుని చూస్తాం. విండోస్ అలా చూసే గడువు మామూలుగా 15 సెకన్లు. ప్రోగ్రాంలో సంతకమున్న ఫైళ్లు నాలుగైదు ఉంటే నిమిషం ఇట్టే గడిచిపోతుంది.

డాట్‌నెట్ 3.5, అంతకు ముందు వెర్షన్ల మీద నడిచే పాత ప్రోగ్రాంలలో ఈ బెడద ఎక్కువ. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి తెరిచేటప్పుడు ఈ తనిఖీ మామూలుగా జరగదు. మన బడులకు చేరే విద్యా సాఫ్ట్‌వేర్ ఏ కాలం నాటిదో మనకు తెలిసిందే కదా!

ఇదే కారణమో కాదో పైసా ఖర్చు లేకుండా తేల్చవచ్చు. మా ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఒక స్విచ్‌కు కలిపి ఉన్నాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు. ఒక కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ పూర్తిగా పీకేసి ప్రోగ్రాం తెరిచి చూశాం. వెంటనే వచ్చేసింది. కేబుల్ పెడితే మళ్లీ అదే ఆలస్యం. అసలు ఫోనే లేకపోతే ఎత్తేదాకా ఆగే పని ఉండదు. లైను ఉండి అవతల జవాబు లేకపోవడమే చిక్కు.

కేబుల్ అవసరం లేని కంప్యూటర్లకు తీసేసి ఉంచడమే మేలు. కేబుల్ కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సెక్యూరిటీ కింద ఉన్న "చెక్ ఫర్ పబ్లిషర్స్ సర్టిఫికెట్ రివొకేషన్" అనే గడిలో టిక్ తీసేయాలి. ఈ మార్పు ఆ యూజర్ ఖాతా వరకే పనిచేస్తుంది. టీచరు ఖాతాలో చేసి ఊరుకుంటే పిల్లల ఖాతాలో ఆలస్యం అలాగే ఉంటుంది. ప్రోగ్రాం ఇచ్చినవారు అందుబాటులో ఉంటే, దాని కాన్ఫిగ్ ఫైలులో ఈ తనిఖీని ఆపే వరుస చేర్చమని అడగడం ఇంకా మంచిది. అప్పుడు మార్పు ఆ ఒక్క ప్రోగ్రాంకే పరిమితమవుతుంది.

కేబుల్ పీకినా తేడా లేకపోతే ప్రింటర్ సంగతి చూడండి. ఎప్పుడో తీసేసిన నెట్‌వర్క్ ప్రింటర్ ఇంకా డిఫాల్ట్‌గా ఉంటే వర్డ్ లాంటివి తెరుచుకోవడానికి దాన్ని వెతుక్కుంటూ ఆగుతాయి. ఇప్పుడు లేని కంప్యూటర్‌లోని షేర్డ్ డ్రైవ్ కూడా ఇంతే.

టిక్ తీయడమంటే ఒక కాపలాను పక్కన పెట్టడమే. ఎన్నడూ నెట్ తగలని యంత్రంలో అందివ్వని జాబితా కోసం అడగడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు కాబట్టి మేము దానికి ఒప్పుకున్నాం. పెన్‌డ్రైవ్‌ల మీద మాత్రం కన్నేసి ఉంచుతున్నాం. రేపు బడికి కనెక్షన్ వస్తే ఆ రోజే టిక్ మళ్లీ పెట్టాలి. అప్పటికి మాలో ఎవరు బదిలీ అయి ఉంటారో! అందుకే ఏయే సిస్టంలో, ఏ ఖాతాలో, ఏ తేదీన టిక్ తీశామో కాగితం మీద రాసి స్విచ్ పక్కన గోడకు అంటించాం.