ఆరోగ్యశాఖ దస్తరము - క్రొత్త యంత్రము

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు సీమను గూర్చి వినని ఆంధ్రుడుండడు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములు కొబ్బరితోటలతోను జీడితోటలతోను నిండి, చూచువారి కన్నులకు చలువ చేయును. ఆ పచ్చని నేలమీదనే కొన్ని దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి యిల్లిల్లును తొక్కుచున్నది. నీరు కారణమనిరి, పురుగుమందులనిరి, ఎండలో ఒడలు వంచి పనిచేయుట యనిరి. పరిశోధకులెందరో వచ్చి వెళ్లిరి గాని ఇదియే కారణమని నిస్సంశయముగా తేల్చినవారు లేరు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, గ్రామములకు మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. అది మేలైన పనియే. అయినను ఆసుపత్రి గోడలు చేయలేని పని యొకటి మిగిలియున్నది.

ఈ వ్యాధిని ఒక్క పరీక్షతో నిర్ణయించుటకు వీలులేదు. దోషము మూడు మాసములకు మించి నిలిచియున్నట్లు తేలిననే వైద్యుడు దానిని దీర్ఘవ్యాధియని పిలుచును. అనగా నేటి రక్తపరీక్షాపత్రము ప్రక్కన మూడు నెలల క్రిందటి పత్రమును బెట్టి చూడవలెను. ఆ మొదటి పత్రమెక్కడ నున్నది? ప్రాథమికారోగ్యకేంద్రపు పుస్తకములో ఒక అంకె యుండును. పలాసలోని ప్రయివేటు ల్యాబులో మరియొకటి. విశాఖపట్టణపు పెద్దాసుపత్రిలో ఇంకొకటి. రోగి యింటనున్నది చూరులో దోపిన సంచిలో మాసి తడిసి యుండును. ఆతడు వేటకై గుజరాతు తీరమునకు బోయిన మత్స్యకారుడైనచో అక్కడి వైద్యుడు సర్వమును మొదటినుండి ప్రారంభింపవలసినదే. రక్తము మరల తీయుదురు. డబ్బు మరల పోవును. మూత్రపిండము మాత్రము మరల రాదు.

ప్రభుత్వవైద్యసేవలను డిజిటల్ పద్ధతికి మార్చవలెనను మాట యిప్పుడు దేశమంతట మ్రోగుచున్నది. ఆ మాటకు అర్థమేమైన నున్నచో అది ఆ రెండు కాగితములను ఒకచోట జేర్చుటయే. పండితులు కొందరు దీనికి 'అంకాత్మక పరివర్తనము' అని నామకరణము చేసి తృప్తిపడుచున్నారు. జనులు డిజిటల్ అనుచున్నారు. మేమును అట్లే అందుము. పేరుతో పేచీ లేదు. ప్రణాళికను ఏ కొసనుండి వ్రాయుదురనునదే ప్రశ్న. రాజధానిలోని చిత్రపటమునుండి మొదలిడి క్రిందికి దిగుదురా, గ్రామములోని నర్సు పుస్తకమునుండి మొదలిడి పైకి పోవుదురా?

ఇంతవరకు జరిగినది కొంత చెప్పవలెను. 2017 నాటి జాతీయారోగ్యవిధానము ఈ కార్యమునకై ప్రత్యేక సంస్థ నొకదానిని సూచించెను. 2019లో శ్రీ జె. సత్యనారాయణగారి అధ్యక్షతన కూర్చున్న సంఘము రూపరేఖను వ్రాసియిచ్చెను. 2020 ఆగస్టు 15వ తేదీన కేంద్రపాలితప్రాంతములారింటిలో పని మొదలయ్యెను. పుదుచ్చేరిలో భాగమైన మన యానాము అట్లు తెలుగుగడ్డలన్నిటికంటె ముందు దాని నీడకు వచ్చెను. 2021 సెప్టెంబరు 27వ తేదీన 'ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్' అను పేరున అది దేశవ్యాప్తమయ్యెను. ప్రతి పౌరునకు పదునాలుగంకెల 'ఆభా' సంఖ్య. దానిక్రింద ఆతని వైద్యచరిత్రమంతయు. ఆ చరిత్రము ఢిల్లీలో ఒక్క కొట్టులో పోగుపడదు. ఏ ఆసుపత్రిలో పుట్టిన కాగితము అక్కడనే యుండి, రోగి యనుమతించినపుడు మాత్రము మరియొక వైద్యుని కంటబడును. ఈ ఊహ మంచిది. దీనిని మేము మనఃపూర్వకముగా బలపరచుచున్నాము.

అయితే ఊహకును ఊరికిని నడుమ చాల దూరమున్నది. 2022లో కేంద్రమంత్రివర్గము ఇందులకు అయిదేండ్లకు 1,600 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 140 కోట్ల జనాభాకు పంచిచూచిన తలకు అయిదేండ్లకు పదకొండున్నర రూపాయలు లేదు. 2025 నాటికి డెబ్బది కోట్లకు పైగా సంఖ్యలు సృష్టింపబడినవని లెక్కలు వచ్చినవి. సంఖ్య యిచ్చుట సులభము. తలుపునకు నంబరు వేసినంతమాత్రమున ఇంటిలో దీపము వెలుగునా?

మన పాఠకులలో భూవసతి గలవారు పలువురు గలరు. దస్తరము యంత్రమున కెక్కుట యెట్టిదో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1984లో కరణీకములు రద్దయినవి. అడంగళ్లు చేతులు మారి, పిదప కంప్యూటరు కెక్కినవి. తెలంగాణమున 2020 అక్టోబరులో ధరణి వచ్చెను. సర్వేనంబరు తప్పుగా ఎక్కిన రైతు, పేరు జారిపోయిన రైతు, పట్టాభూమి నిషేధితజాబితాలో చేరిన రైతు కలెక్టరు కచ్చేరికి ఎన్ని మారులు తిరిగినదియు లోకమెరిగినదే. తుదకు దానిని తొలగించి 2025 ఏప్రిలులో భూభారతిని నెలకొల్పవలసివచ్చెను. కాగితముమీది తప్పును కలముతో దిద్దవచ్చును. యంత్రములోని తప్పు మీద సర్కారు ముద్ర పడును; దానిని దిద్దు అధికారము ఎవరికున్నదో వెదకుటలోనే ఏడాది గడచును. భూమి చిట్టాలో తప్పు పడిన ఎకరము చేయి జారును. పెన్సిలిన్ పడని రోగి చిట్టాలో ఆ ముక్క వ్రాయక విడిచిన మనుష్యుడే పోవును. కావున తప్పును దిద్దించుకొను మార్గము, దిద్దవలసిన యధికారి, దానికి గడువు - ఇవి యంత్రమును కొనుటకు ముందే వ్రాసికొనవలసిన సంగతులు.

ఇక ఈ చిట్టాను వ్రాయువారెవరు? మంత్రి వ్రాయడు, కార్యదర్శి వ్రాయడు. మైదానమున 5,000 మందికి, కొండలలో 3,000 మందికి ఒకటి చొప్పున నుండవలసిన సబ్ సెంటరులో ఏ.ఎన్.ఎం. వ్రాయును, ఆమెకు ఆశా కార్యకర్త తోడుండును. గర్భిణుల పట్టిక, బిడ్డల టీకాలు, క్షయరోగుల మందులు, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, దోమల లెక్క, జననమరణములు - అన్నియు ఆమె తలమీదనే. 2016లో ఆంధ్రప్రదేశమున ఏ.ఎన్.ఎం.ల చేతికి 'అన్మోల్' అను పేరుగల ఏర్పాటుతో ట్యాబులు వచ్చినవి. లావుపాటి రిజిస్టర్ల బరువు తీరునని చెప్పిరి. సదుద్దేశమే. కాని క్షయశాఖకు ఒక యాప్, చక్కెరవ్యాధి శాఖకు వేరొకటి, టీకాలకు మరియొకటి చొప్పున వచ్చిపడినవి. తనిఖీ అధికారి వచ్చినపుడు రిజిస్టరు చూపుమనుట మాత్రము మానలేదు. నాలుగు శాఖలు నాలుగు యాప్ లను పంపినపుడు నాలుగింటిని నింపునది ఒక్కతే యని ఒక్క శాఖకును తోచకపోవుట చిత్రము! పగలెల్ల వీధులు తిరిగిన ఆ స్త్రీ రాత్రి కూర్చుండి అదే పేరును, అదే వయస్సును, అదే అంకెను మరల మరల ఎక్కించుచుండ, సిగ్నలు లేక తెర తిరుగుచుండ, ఆ అంకెలలో సత్యమెంత మిగులును? విసిగిన చేయి నిన్నటి అంకెనే నేడును వ్రాయును. ఆ అంకెలు కూడి జిల్లా నివేదికయగును. జిల్లాలు కూడి రాష్ట్రప్రగతియగును.

ప్రణాళికకు మొదటి సూత్రమిది కావలెను: ఒక విషయమును ఒక్కమారే వ్రాయవలెను, తక్కిన శాఖలన్నియు అక్కడినుండి గ్రహించుకొనవలెను. క్రొత్త యాప్ ఒకటి ప్రవేశపెట్టుటకు ముందు పాత రిజిస్టరు ఏది రద్దగునో ఆజ్ఞాపత్రములోనే పేర్కొనవలెను. పేర్కొననిచో ఆ యాప్ ను త్రిప్పి పంపు అధికారము జిల్లా వైద్యాధికారికి ఉండవలెను.

పని యెరిగి కట్టిన యంత్రము పనికివచ్చుననుటకు క్షయరోగుల 'నిక్షయ్' పట్టికయే నిదర్శనము. 2012లో మొదలైన ఈ పద్ధతిలో, శ్రీకాకుళమున మందు మొదలిడిన కూలి హైదరాబాదునకు వలసపోయినను ఆతని పేరు వెంట పోవుటకు ఏర్పాటున్నది. 2018నుండి నెలకు 500 రూపాయల పోషణభృతి ఆతని బ్యాంకు ఖాతాలో పడుచుండెను; 2024 నవంబరులో దానిని 1,000 రూపాయలు చేసిరి. ఇందును లోపములున్నవి, డబ్బు ఆలస్యమగుట యున్నది. అయినను ఇందు రోగికి కనబడు ప్రయోజనమొకటి యున్నది గనుక పట్టిక బ్రదికియున్నది.

పైనుండి మొదలిడినవారికేమైనదో తెలియుటకు ఇంగ్లండును చూడవచ్చును. మనవారిలో చాలమందికి ఇప్పటికిని అక్కడినుండి వచ్చినదానియందు గౌరవమధికము కదా! 2002లో ఆ దేశప్రభుత్వము తన జాతీయవైద్యసేవకంతటికి ఒక్కటే మహాయంత్రమును సంకల్పించెను. పెద్ద పెద్ద కంపెనీలకు కంట్రాక్టులిచ్చెను. వైద్యులను, నర్సులను అడిగినది తక్కువ. వారికి చెప్పినది ఎక్కువ. ఒక్కొక్క ఆసుపత్రికి ఒక్కొక్క పద్ధతి యుండగా అన్నిటికి ఒకే చొక్కా తొడుగజూచిరి. 2011 సెప్టెంబరులో ఆ పథకమును విప్పివేయుచున్నామని వారే ప్రకటించిరి. ఖర్చు 980 కోట్ల పౌండ్లని 2013లో వారి పార్లమెంటు లెక్కలసంఘము పేర్కొనెను. ఆ శిథిలములలో నిలిచినవానిలో ఎక్సురే చిత్రములను కంప్యూటరులో భద్రపరచు భాగము ఒకటి. ఏలయన అది వైద్యులు తామే కోరిన వస్తువు.

మనదేశముననే మరియొక పాఠము నేర్చితిమి. 2021 మే 1వ తేదీనుండి పదునెనిమిది మొదలు నలుబదినాలుగేండ్ల వయస్సు గలవారికి కరోనా టీకా కావలెనన్న ముందుగా కోవిన్ లో పేరు నమోదు చేసికొనుట తప్పనిసరి చేసిరి. పట్టణములలో వ్రేళ్లు చురుకైన యువకులు పల్లెలలోని కేంద్రములను సైతము పట్టుకొని, కార్లలో వచ్చి టీకాలు వేయించుకొనిపోయిరి. ఆ పల్లెలోని కూలి చూచుచు నిలుచుండెను. మే 31వ తేదీ యుత్తరువులో సుప్రీముకోర్టు ఈ యసమానతను గూర్చి ప్రభుత్వమును గట్టిగా ప్రశ్నించెను. జూను 21నుండి నేరుగా వచ్చినవారికందరికిని టీకా వేయు పద్ధతి వచ్చెను. 2019-20లో జరిగిన కుటుంబారోగ్యసర్వేలో, జన్మములో ఒక్కసారియైన ఇంటర్నెట్టు వాడితిమని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది, తెలంగాణమున 26 మంది. అటుతరువాత సెల్ ఫోనులు పెరిగినవి, నిజమే. కాని ప్రసవమునకు వచ్చునది ఆ స్త్రీ, ఫోను భర్త జేబులో నుండును. పాఠకులారా, మీ యింటిలో ఓపీ చీటీ ఫోనులో తీసికొనుట మీకు సౌకర్యమే. మీ పొలములో నాట్లువేయు మనిషి అదే ఆసుపత్రికి పోయిన ఆమెకును అంతే త్వరగా చీటీ దొరకవలెను. సంఖ్య లేదని, వ్రేలిముద్ర పడలేదని, ఫోను లేదని ఏ ప్రభుత్వాసుపత్రియు ఏ రోగికిని చికిత్స నిరాకరింపరాదు. 1946లో భోర్ సంఘము, డబ్బు చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదని చెప్పెను. ఆనాడు డబ్బు అడ్డుగోడ. అది కూలకముందే మనము మరియొక గోడను కట్టరాదు.

రహస్యమును గూర్చి ఒక మాట. పల్లెటూరిలో ఒకరికి క్షయయని తెలిసిన ఆ యింటి పిల్లకు సంబంధము తప్పును. ఎయిడ్సు అని తెలిసిన బావివద్ద బిందె వేరగును. పుస్తకము బీరువాలో నున్నంతకాలము దానిని చూచువారు ఇద్దరు ముగ్గురు. యంత్రములో నున్న చిట్టాను ఎవరు, ఎక్కడినుండి, ఎందుకు చూచిరో ఎట్లు తెలియును? గోప్యత పౌరుని మూలహక్కని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన తీర్పుచెప్పిరి. వైద్యసమాచారమునకు ప్రత్యేకముగా 2018లో చిత్తుచట్టమొకటి సిద్ధమయ్యెను గాని చట్టము కాలేదు. 2023లో సర్వసాధారణమైన సమాచారరక్షణచట్టము వచ్చెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అందు ప్రభుత్వసంస్థలకు మినహాయింపులిచ్చు వీలు విశాలముగా నున్నది. ప్రజల చిట్టాలు ప్రభుత్వాసుపత్రులలోను ఉండగా ఈ మినహాయింపు మాకు రుచింపలేదు. ఎస్టోనియా యను చిన్నదేశమున 2008నుండి దేశవ్యాప్తముగా ఇట్టి వైద్యచిట్టాలు నడచుచున్నవి. తన కాగితమును ఏ వైద్యుడు ఏ దినమున తెరచెనో అక్కడి పౌరుడు తానే చూచుకొనగలడు. మనకును అట్టి హక్కు కావలెను. చదువురాని రోగికి ఆ వివరమును చదివి వినిపించు బాధ్యత ఆసుపత్రిది కావలెను. సమ్మతిపత్రము తెలుగులో నుండవలెను. తెలుగు లిపిలోని ఇంగ్లీషు కాదు, తెలుగు.

ఎక్కడ మొదలిడుట? ఉద్దానములోనే. కొలది మండలములు, ఒక్క వ్యాధి, కొలవదగిన ఒక్క అంకె. ప్రభుత్వకేంద్రమైనను ప్రయివేటు ల్యాబైనను అక్కడ చేసిన ప్రతి క్రియాటినిన్ పరీక్షయు రోగి పేర ఒకచోట చేరవలెను. తెలుగున అచ్చైన చీటీ రోగి చేతికి రావలెను. రెండవ పరీక్షకు వచ్చిన రోగులలో ఎందరికి మొదటి పరీక్ష వైద్యుని కంటబడెనో ఏడాది చివర లెక్కతీసి శాసనసభ ముందుంచవలెను. ఎన్ని లక్షల సంఖ్యలు పుట్టించితిమను లెక్క మాకు వలదు.

కాగితమును పూర్తిగా పారవేయుటయు వివేకము కాదు. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ సర్వర్లమీద దొంగదాడి జరిగెను. దేశమున అగ్రగణ్యమైన ఆ యాసుపత్రి సుమారు రెండు వారములు చేతివ్రాతతో నడచెను. అక్కడ వ్రాయగల సిబ్బంది సమృద్ధిగా నుండిరి గనుక నడచెను. మన తాలూకా ఆసుపత్రిలో కరెంటు పోయిన దినమున, సర్వరు నిలిచిన దినమున, పురిటినొప్పులతో వచ్చిన స్త్రీ పేరు ఏ పుస్తకములో వ్రాయవలెను, ఆ పుస్తకము ఏ బల్లమీద నుండును, మరునాడు దానిని యంత్రమున కెక్కించువారెవరు - ఇవి ప్రణాళికలో స్పష్టముగా నుండవలెను. ఏడాదికొక దినము యంత్రమును కావలెననియే ఆపివేసి, ప్రతి ఆసుపత్రియు ఆ దినమంతయు కాగితముతో పనిచేసి చూపవలెను.