‘నేను’ అనకపోయినా నేనే

అపోహ: పోర్చుగీసు మాట్లాడేవాళ్లు కర్తను మింగేసేది బద్ధకంతో.

వాస్తవం: ‘‘భోంచేశారా?’’ అంటే ‘‘చేశాను’’ అంటాం. ‘నేను’ ఎక్కడికీ పోలేదు, చివరి ‘ను’లో కూర్చుంది. పోర్చుగీసు క్రియదీ ఇదే పద్ధతి. ‘ఫాలు’ అంటే మాట్లాడతాను, ‘ఫాలష్’ అంటే మాట్లాడతావు. ‘‘పోర్చుగీసు మాట్లాడతారా?’’ అని అడిగితే ‘అవును’ అక్కర్లేదు, ‘‘ఫాలు’’ చాలు.

అపోహ: అయితే సర్వనామం ఉన్నా లేకున్నా ఒకటే.

వాస్తవం: ‘ఫలావ’ అనే భూతకాల రూపం నాకూ అతనికీ ఉమ్మడి. ఎవరి సంగతో తేలనప్పుడు ‘ఎవు’, అంటే ‘నేను’, పెట్టక తప్పదు. ఇంకో చిక్కుంది. తాను వస్తానని జోవావ్ చెప్పాడనుకోండి. లిస్బన్‌లో ‘వస్తాను’కు మళ్లీ కర్తను పెట్టరు. ‘అతను’ అని పెట్టారో, వినేవాళ్లు ‘ఎవరతను?’ అని వేరే మనిషిని వెతుక్కుంటారు. బ్రెజిల్‌లో ఆ ‘అతను’ జోవావే కావచ్చు.

అపోహ: పోర్చుగల్‌ అయినా బ్రెజిల్‌ అయినా తీరు ఒకటే.

వాస్తవం: అసలు కథంతా ఇక్కడే. బ్రెజిల్‌లో చాలాచోట్ల పాత ‘తు’ (నువ్వు) పోయి ‘వొసే’ వచ్చింది. వాడుకలో ‘మనం’ బదులు ‘అ జెంచి’ అంటున్నారు. మాటకు మాట అర్థం ‘జనం’. రెండింటి పక్కనా క్రియ ప్రథమ పురుష ఏకవచనమే. దాంతో నువ్వు, అతను, ఆమె, మనం అందరికీ ‘ఫాల’ ఒక్కటే మిగిలింది. క్రియ చివర గుర్తు అరిగిపోతే కర్త నోరు విప్పాల్సిందే. భాషావేత్త మరియా ఎవుజేనియా దువార్చి 1845 నుంచి 1992 వరకు రియోలో రాసిన నాటకాలు పరిశీలిస్తే, కర్తను వదిలేయడం దాదాపు 80 శాతం నుంచి 26 శాతానికి పడిపోయినట్టు తేలింది. అలాగని అంతా ప్రత్యయాల మీదికి తోసేయలేం. ‘ఫాలు’లో ‘నేను’ స్పష్టంగా ఉన్నా అక్కడివాళ్లు ‘ఎవు’ చేరుస్తూనే ఉంటారు. వానకు మాత్రం వాళ్లూ కర్తను పెట్టరు, ‘కురుస్తోంది’ అని ఊరుకుంటారు. మనమైతే వాననే కర్తను చేస్తాం!

అపోహ: ‘మీరు’ అని పిలిస్తేనే మర్యాద.

వాస్తవం: ‘వొసే’ పుట్టింది ‘వొసా మెర్సే’ అనే గౌరవ సంబోధన నుంచే. అయినా పోర్చుగల్‌లో చాలామందికి అది ముఖం మీద కొట్టినట్టుంటుంది. అందుకే ఆ మాట మింగేసి, ‘‘కాఫీ తాగుతారా?’’ అన్నట్టు ఉత్త క్రియతో అడుగుతారు. లేదంటే ఎదుటి మనిషినే పేరు పెట్టి, ‘‘మరియా కాఫీ తాగుతుందా?’’ అని ఆమెనే అడుగుతారు.