వదిలేసిన బండిని మెకానిక్ అమ్మేయొచ్చా?

రిపేరుకిచ్చిన బండిని ఓనరు నెలల తరబడి తీసుకెళ్లకపోతే అది మెకానిక్‌దే అయిపోతుందా? మా హాస్టల్లో అడిగితే చాలామంది "రెండు నోటీసులిచ్చి అమ్మేసుకోవచ్చు" అన్నారు. గుంటూరులో షెడ్డు నడిపే మా మావయ్యా అలాగే అనుకున్నాడు. ఇంజన్ పనికొచ్చిన ఒక బైక్ పద్నాలుగు నెలలుగా అక్కడే ఉంది. బిల్లు 7,400 రూపాయలు. స్పేర్ పార్టుల డబ్బులు ఆయన జేబులోంచే పోయాయి. "తుక్కోడికి ఇచ్చేయనా? చదువుకున్నోడివి, చూసి చెప్పరా" అన్నాడు. కోడింగ్ పక్కనపెట్టి చట్టం చదివాను.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ ఉంది. ఒక వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని పూర్తి చేసినవాడు, కూలి అందేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఈ హక్కునే లియన్ అంటారు. చట్టంలోనే ఒక దర్జీ ఉదాహరణ ఉంది. కోటు కుట్టగానే ఇచ్చేస్తా, డబ్బులకి మూడు నెలలు ఆగుతా అని దర్జీ ముందే ఒప్పుకుంటే, డబ్బుల కోసం కోటు ఆపకూడదు. అంటే, ఖాతా ఇస్తానని ముందే మాటిచ్చిన మెకానిక్‌కి బండి ఆపే హక్కుండదు.

అయితే ఉంచుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు. తాకట్టు పెట్టుకున్నవాడు నోటీసిచ్చి వస్తువు అమ్మొచ్చని 176వ సెక్షన్ చెప్తుంది. మెకానిక్‌కి అలాంటి హక్కు ఇవ్వలేదు. మన భాషలో చెప్పాలంటే లాక్ చేసే పర్మిషన్ ఉంది, డిలీట్ చేసే పర్మిషన్ లేదు. సొంతంగా అమ్మేస్తే, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం కేసు మెడకి చుట్టుకోవచ్చు. పార్టులు పీకి వేరే బండికి వేసినా చిక్కే. పైగా 151వ సెక్షన్ ప్రకారం ఆ బండిని సొంత బండిలా జాగ్రత్తగా చూసుకోవాలి.

మరి దారేంటి? మావయ్యకి వరసగా రాసిచ్చాను.

ముందు ఆర్సీలో ఉన్న ఓనరు అడ్రసుకి, చేసిన పని, బిల్లు, గడువు తేదీ రాసి నోటీసు పంపాలి. అందినట్టు రుజువు దాచుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ కంపెనీకీ ఒక కాపీ పంపాలి.

జవాబు రాకపోతే పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. అది దొంగబండి అయితే రేపు అనుమానం మన మీదకి రాకుండా ఉంటుంది.

ఓనరు దొరికితే లోక్ అదాలత్ మేలు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఏదీ కుదరకపోతే సివిల్ దావా. చెల్లింపుకి గడువు పెట్టుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లలోపు వేయాలి. డిక్రీ వచ్చాక కోర్టు ద్వారా బండిని జప్తు చేయించి వేలం వేయించవచ్చు.

ఏడు వేల కోసం ఇంత తిరగాలా అంటే, చాలామంది తిరగలేరు. అందుకే బండి తీసుకునే రోజే జాబ్ కార్డు రాసుకోవాలి. ఓనరు అడ్రసు, ఇంకో ఫోన్ నంబరు, అంచనా ఖర్చు, ఎన్ని రోజులు దాటితే రోజుకెంత అద్దె, కింద సంతకం. ముందు ఒప్పుకోని అద్దెని తర్వాత బిల్లులో కలిపితే కోర్టులో నిలబడటం కష్టం.

సెమిస్టర్ సెలవులకి బండి షెడ్డులో పడేసి ఊరెళ్లే మనవాళ్లు తక్కువేం లేరు. డబ్బులు లేకపోతే లేవని ఫోన్ చేసి చెప్పండి. ఫోన్ ఎత్తకపోతే ఆ షెడ్డాయన అమ్మలేడు, పారేయలేడు. రోజూ దాని దుమ్ము తుడుస్తూ కూర్చోవాల్సిందే.