పాత చిల్లరు స్థానమున ఏమి నిలుపవలెను?

పురపాలక భవనమునందు ముప్పది, నలువది ఏండ్లు నిర్విరామముగా పనిచేసిన చిల్లరో, బాయిలరో మూలబడినపుడు అధికారులకు మొట్టమొదట తోచు ఆలోచన, టెండరు పిలిచి అంతే సామర్థ్యముగల క్రొత్త యంత్రమును తెప్పించి పాతదాని దిమ్మెపైననే నిలుపుట. నడివేసవి ఒత్తిడిలో అదియే సులభమార్గముగా కనిపించును. కాని ఒకసారి నిలిపిన యంత్రము మరల ఇరువది ఏండ్లకు పైగా ఆ భవనమును అంటిపెట్టుకొని, ప్రజలు కట్టిన పన్నును కరెంటు బిల్లుల రూపమున హరించుచునే యుండును గనుక, ఆ తొందరకు మూల్యము మిక్కిలి హెచ్చని నా నిశ్చితాభిప్రాయము.

చిల్లరు చల్లదనమును పుట్టించునని సామాన్యముగా అనుకొందుము; నిజమునకది చేయునది లోపలి ఉష్ణమును మోసికొనిపోయి వెలుపల దింపుటయే. చిల్లరులో సుమారు 7 డిగ్రీలకు చల్లారిన నీరు గొట్టముల వెంట అంతస్తులన్నిటికిని ప్రసరించి, ఫ్యాన్లు త్రోయు గాలినుండి వేడిని గ్రహించి, 12 డిగ్రీలతో మరలివచ్చును. ఆ వేడిని మేడమీది కూలింగ్ టవరు ఆకాశమునకు వదలును. వేడిని మోయు ఈ పనిలో అధికభాగము చిల్లరులోని కంప్రెసరుదే. విద్యుత్తును విశేషముగా త్రాగునదియు అదియే. పాత యంత్రములకు మరియొక చిక్కు కలదు. ఓజోను పొరను హరించు వాయువులను మాన్పుటకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందము ననుసరించి, వానిలో నింపు వాయువుల తయారీయే క్రమముగా ఆగిపోవుచున్నది. ఆర్-22 అను వాయువును మన దేశము 2030 నాటికి తొలగింపవలసియున్నది.

కెనడా దేశమందలి టొరంటో నగరము ఈ సమస్యకు చూపిన మార్గము నన్ను ముగ్ధుని చేసినది. ఫిన్లాండు వాస్తుశిల్పి విల్యో రెవెల్ రూపకల్పన చేయగా 1965లో ప్రారంభమైన అచటి సిటీ హాలు, 27, 20 అంతస్తుల రెండు వంపు మేడలు ఎదురెదురుగా నిలిచిన సౌధము. వెలుపలి వీపులు కాంక్రీటు, లోపలి ముఖములు అద్దము. ఇట్టి భవనమునకు నేడు శీతలజలము లభించుట ఒంటేరియో సరస్సు మూలముననే. నీరు 4 డిగ్రీలయొద్ద అత్యంత సాంద్రమై అడుగునకు దిగును. వేసవిలో వెచ్చని పైపొర ఎంత కాగినను, లోతున ఆ చలి చెక్కుచెదరదు. తీరమునుండి సుమారు 5 కిలోమీటర్ల దూరమున, 83 మీటర్ల లోతునుండి గొట్టములు ఆ నీటిని తెచ్చును. అది ముందుగా శుద్ధియై, పిమ్మట పంపింగ్ స్టేషనులో పలుచని లోహపు పలకల వరుసలను చేరును: పలకకు ఒకవైపు సరస్సునీరు, రెండవవైపు భవనములనుండి వేడెక్కి వచ్చిన నీరు; రెండును ఒకదానినొకటి తాకకయే చలిని మాత్రము మార్చుకొనును. వేడిని గ్రహించిన సరస్సునీరు వృథాగా పోక పౌరుల కుళాయిలకే పోవును. నగరము ఎట్లును త్రాగవలసిన నీటినుండియే చలిని పిండుకొనుట, 2004లో ఆరంభమైన ఈ ఏర్పాటులోని మహత్తర వివేకము. కంప్రెసరు పడవలసిన శ్రమ చాలవరకు పంపులతోనే తీరుచున్నది. చలికాలమున ఆ నగరకేంద్రమునందలి అనేక భవనములకు వేడి సైతము భూమిలోని ఆవిరిగొట్టముల ద్వారా ఉమ్మడిగా అందుచున్నది.

మనకు అట్టి శీతలసరస్సు లేదు, నిజమే. కాని ప్రతి భవనమునకు వేరువేరు యంత్రము లేకుండ ఉమ్మడిగా చల్లని నీటిని పంచు ఆలోచన మనకును దూరము కాదు. అమరావతిలో శాసనసభ, హైకోర్టు, సచివాలయములకు అట్టి ఏర్పాటు చేయుటకై 2019లోనే ఒప్పందము కుదిరినది. వేడిని మోయుటకు ముందు దానిని లోపలికి రానీయకుండుట మరియొక మార్గము. తెలంగాణ ప్రభుత్వము 2023లో వెలువరించిన చల్లని పైకప్పుల విధానము సర్కారు భవనముల మేడలపై ఎండను వెనుకకు త్రిప్పు పూతను కోరుచున్నది. నా దృష్టిలో ఇదియే మొదటిమెట్టు. పైకప్పు తెల్లనయి, పడమటి కిటికీకి నీడ కలిగి, పాత ట్యూబులైట్ల స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వెలసిన పిదప, ఆ భవనము మోయవలసిన వేడియే తగ్గును. అప్పుడు పాత యంత్రమును నిలిపిన నాటి కాగితములలో వ్రాసిన సామర్థ్యము నేటికి అనవసరమని తేలవచ్చును. అవసరమునకు మించిన యంత్రము మాటిమాటికి ఆగి మొదలగుచు త్వరగా అరిగిపోవును.

కావున మీ పురపాలక సంఘము క్రొత్త యంత్రమునకు నిధులు మంజూరు చేయబోవు సమావేశమున, ధర యెంతయని అడుగుటకు ముందు, భవనము నేడు ఎంత వేడిని మోయుచున్నదో కొలిపించితిరా అని మీ వార్డు సభ్యుని అడుగుడు.